పాత కార్ల పత్రిక ఆర్కైవ్ కొని తల పట్టుకున్నారా? లోపల పనిచేసినవాడిగా నా మాట

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. నాన్నగారి ప్రీమియర్ 118ఎన్ఈ కారు ఇంట్లో పదేళ్లుగా కవరు కింద ఉంది, దాన్ని ఒరిజినల్‌గా తయారు చేయిద్దామని పూనుకున్నారు. ఆ కాలం నాటి ఒక కార్ల పత్రిక వాళ్లు పాత సంచికలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాం, ఏడాది చందా 4,500 అంటే వెనకాముందు చూడకుండా కట్టేశారు. తీరా తెరిస్తే పేజీలు మసక, జూమ్ చేస్తే ఇంకా మసక, 118ఎన్ఈ అని కొడితే మూడంటే మూడే ఫలితాలు, చిన్నప్పుడు చూసిన రోడ్ టెస్ట్, అంటే బండి నడిపి చూసి రాసే వ్యాసం, దాని జాడే లేదు, కొన్ని ఫొటోల చోటైతే బూడిద రంగు డబ్బాలే. మా కంప్యూటర్‌లో ఏమైనా లోపమా, ఇవన్నీ ఇంతేనా, డబ్బులు వెనక్కి వస్తాయా అని అడిగారు.

లోపం మీ కంప్యూటర్‌ది కాదు బ్రదర్. నేను హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో అచ్చుకి ఫిల్ములు తీసే దగ్గర పని మొదలుపెట్టి, ప్లేట్లు, డీటీపీ అన్నీ చూసి, చివరికి పాత పత్రికలు, రికార్డులు స్కాన్ చేసే ఒక యూనిట్‌లో పదకొండేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. ఇంట్లో ఒక ప్రీమియర్ పద్మిని కారు కూడా ఉంది, అంటే రెండు వైపుల బాధా తెలిసినవాణ్ణి. మీరు చూసిన ఆర్కైవ్ నేనూ కొన్నాను. కొన్న రాత్రి పదకొండు దాకా కూర్చుని, ఇక మా ఆవిడ మొహం చూడలేక లాప్‌టాప్ మూసేశాను. పేరు ఎందుకులెండి, ఇలాంటివి ఒకటి కాదు, తయారయ్యే పద్ధతి దాదాపు అన్నిటికీ ఒకటే.

ఆ పద్ధతేంటో చెప్తాను, మీ సందేహాలు సగం అక్కడే తీరిపోతాయి.

ఇలాంటి పనికి పేజీకి పైసల్లో రేటు ఉంటుంది. రేటు పైసల్లో ఉన్నప్పుడు ఆపరేటర్ ఒక్కో పేజీ స్కానర్ గ్లాసు మీద పెట్టి, సరిచూసి, తీసి, మళ్లీ పెట్టడం జరగదు. పత్రికని కటింగ్ మిషన్ కింద పెట్టి వెన్ను కోసేస్తారు. కోసిన విడి కాగితాలు ఫీడర్‌లో పెడితే గడగడా లాగేసుకుంటుంది. సెంటర్ పిన్నింగ్ చేసిన పత్రికైతే పిన్నులు తీసి మధ్యలో కోస్తే చాలు, పెద్దగా నష్టం ఉండదు. పర్ఫెక్ట్ బైండింగ్, అంటే వెన్నుకి గమ్ పెట్టి అతికించినదైతే, గమ్ అంతా పోవాలి కాబట్టి నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి కోయాలి. మామూలు వ్యాసానికి అది మార్జినే, ఎవరికీ తెలియదు. కానీ కార్ల పత్రికలో అందరూ దాచుకునేది నడి పేజీ బొమ్మ. రెండు పేజీల మీద అడ్డంగా కారుని కోసి లోపలిదంతా చూపిస్తూ గీసిన బొమ్మ ఉంటుంది చూడండి, దాన్ని ఈ ఆర్కైవ్‌లో తెరిచాను. ఎడమ పేజీలో బంపరు, రేడియేటరు, ఇంజను ముందు సగం. కుడి పేజీలో గేర్‌బాక్స్ తోక, వెనక సీటు, డిక్కీ. మధ్యలో క్లచ్ ఉండాల్సిన చోట తెల్లటి గీత. ఇంజను పేజీకీ పేజీకీ మధ్య గాయబ్! ఆ రెండు పేజీలూ పక్కపక్కన చూపించే ఆప్షన్ కూడా వ్యూయర్‌లో లేదు, ఒక్కో పేజీ విడిగా తిప్పుకోవాలి.

ఇక మసక సంగతి. గ్లాసీ పేపర్ మీద రంగు ఫొటో అచ్చు వేసేటప్పుడు అంగుళానికి 133 నుంచి 150 గీతల స్క్రీన్ వాడేవాళ్లం, అంటే ఫొటో అంతా సన్నటి చుక్కలే. దాన్ని అంగుళానికి 150 పిక్సెళ్లతో స్కాన్ చేస్తే మన పిక్సెళ్లు, ఆ చుక్కలు ఒకదానితో ఒకటి తగువు పడతాయి. పట్టుచీర మీద వెలుగు పడినప్పుడు నీటి అలల్లాంటి నిగనిగ కనిపిస్తుంది కదా, అలాంటి గీతలు బానెట్ మీదా తలుపుల మీదా వచ్చేస్తాయి. మోయిరే అంటాం మా లైన్‌లో. అది కనిపించకూడదని సాఫ్ట్‌వేర్‌తో ఫొటోని కాస్త చెరుపుతారు, దాంతో గీతలూ పోతాయి, గ్రిల్ మీది బ్యాడ్జీ అక్షరాలూ పోతాయి. మీరు ఒక పని చేయండి, ఒక పేజీ బొమ్మని సేవ్ చేసి వెడల్పు ఎన్ని పిక్సెళ్లో చూడండి. ఏ4 సైజు పేజీని అంగుళానికి 300 పిక్సెళ్ల దగ్గర స్కాన్ చేస్తే అడ్డం 2,480, నిలువు 3,508 వస్తుంది. 1,240 దగ్గర ఉంటే అది 150 స్కాన్, అంటే ఉండాల్సిన సమాచారంలో నాలుగో వంతే మీ చేతికి వచ్చింది. మీరు ఎంత జూమ్ చేసినా లేనిది ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను కొన్నదాంట్లో 1,100 చిల్లర ఉంది, అంటే 150 కూడా లేదు.

ఇంకోటి, ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు గానీ రెస్టొరేషన్ చేసేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. కొన్ని స్కాన్ పద్ధతుల్లో ఫైలు సైజు తగ్గించడానికి, ఒకేలా కనిపించే అక్షరాలన్నిటికీ ఒకే బొమ్మని దాచి అన్ని చోట్లా దాన్నే అతికిస్తారు. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ నిపుణుడు జిరాక్స్ కంపెనీ మిషన్లలో దీన్ని పట్టుకున్నాడు. ఒక ఇంటి ప్లాన్ స్కాన్ చేస్తే 21.11 చదరపు మీటర్లున్న గది కాస్తా 14.13 అయిపోయింది, చూడ్డానికి మాత్రం అక్షరం స్పష్టంగా, నీటుగా ఉంది. 6 ఉన్న చోట 8 కూర్చుంది కొన్నిట్లో. కంపెనీ ఒప్పుకుని సాఫ్ట్‌వేర్ సరిచేసింది. మసకగా ఉంటే మనకే అనుమానం వస్తుంది, ఇలా నీటుగా తప్పు ఉంటే రాదు. అందుకని స్కాన్ చేసిన పేజీలో కనిపించిన టైర్ ప్రెషరైనా, ట్యాపెట్ గ్యాపైనా, బోల్టు ఎంత బిగించాలో చెప్పే టార్క్ అంకె అయినా ఇంకో చోట సరిచూడకుండా పానా పట్టుకోవద్దు.

వెతికితే దొరకకపోవడం చిన్న విషయం, తొందరగా చెప్పేస్తాను. పేజీ బొమ్మ నుంచి అక్షరాలు తీసేది సాఫ్ట్‌వేరే, తర్వాత మనిషి చదివి సరిదిద్దడం దాదాపు ఉండదు. 118లో ఒకట్లు రెండూ చిన్న ఎల్ అక్షరాలుగా చదువుకుని ఉంటుంది. అచ్చులో కూడా ఒక నెల 118 పక్కన ఖాళీ వదిలారు, ఇంకో నెల గీత పెట్టారు, ఇంకోసారి ఎన్ఈ ముందు రాశారు. పైగా లైను చివర మాట విరిగితే, కార్బు ఒక లైన్‌లో రేటర్ ఇంకో లైన్‌లో పడితే, వెతుకులాటకి అది దొరకదు. మోడల్ పేరు వదిలేసి ప్రీమియర్ అనీ, నిస్సాన్ అనీ (ఇంజను వాళ్లది), కుర్లా అనీ కొట్టి చూడండి. నాకు కుర్లా అని కొడితేనే రెండు సంచికలు బయటపడ్డాయి, ప్రీమియర్ ఫ్యాక్టరీ ముంబైలో అక్కడే ఉండేది కాబట్టి. ఇంకా గట్టి దారి, 118ఎన్ఈ వచ్చింది 1985లో కాబట్టి ఆ ఏడాది చివరి నుంచి 1987 దాకా విషయసూచిక పేజీలు చేత్తో తిప్పుకోవడం. సాయంత్రం పోతుంది, కానీ దొరుకుతుంది.

ఇప్పుడు నాకు నిజంగా కడుపు మండే విషయానికొస్తాను. యాడ్ పేజీలు.

మీరు కొన్నదాంట్లో పేజీ నంబర్లు చూసుకుంటూ వెళ్లండి, 23 తర్వాత 26 ఉంటుంది, 40 తర్వాత 43. చిరిగిపోయి కాదు, కావాలనే వదిలేశారు. నాకెలా తెలుసంటే ఇలాంటి ఆర్డరు మా యూనిట్‌కి కూడా వచ్చింది, యాడ్లు వద్దు, అవి లేకపోతే పేజీలు తగ్గుతాయి, బిల్లు తగ్గుతుంది అన్నారు క్లయింటు. నేనే స్టాఫ్‌కి చెప్పాను, పూర్తి పేజీ యాడ్ అయితే పక్కన పెట్టేయండి అని. ఆ పక్కన పెట్టిన కాగితాల మీదే మధ్యాహ్నం మిర్చీ బజ్జీలు తిన్నాం, అబద్ధం ఎందుకు. అప్పట్లో అది తప్పని నాకూ తోచలేదు.

తోచింది నా పద్మినికి రంగు వేయించేటప్పుడు. డెంటింగ్ పెయింటింగ్ చేసే ఉస్తాద్ ఏ రంగు కావాలి అన్నాడు, ఒరిజినల్ లేత పచ్చ అన్నాను, ఏ లేత పచ్చ అన్నాడు. నా దగ్గర ఉన్న వ్యాసాల్లో ఇంజను 1089 సీసీ అని ఉంది, గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుందని ఉంది, కుర్లా ఫ్యాక్టరీ చరిత్ర మొత్తం ఉంది. రంగు పేరు లేదు. అది ఎక్కడ ఉంటుంది? కంపెనీ యాడ్‌లో ఉంటుంది, కింద వరుసగా చిన్న చిన్న గళ్లలో రంగులు, ఒక్కోదాని పేరు. వీల్ క్యాప్ ఎలా ఉండేది, అద్దాలు ఒకటా రెండా, ఏ కంపెనీ టైర్లు, బ్యాటరీ ఏది, ఫ్యాన్సీ హారన్ ఎవరిది, ఇవన్నీ యాడ్లలోనే ఉన్నాయి. వ్యాసం రాసినాయన కారు గురించి తనకి ముఖ్యం అనిపించింది రాశాడు, ముప్పై నలభై ఏళ్ల తర్వాత మనకి కావలసింది ఆయనకి ముఖ్యం అనిపించనిది. పాఠకుల ఉత్తరాలు కూడా అంతే, ఏ ఊళ్లో ఎవరి కారు ఎక్కడ ఆగిపోయింది, దానికి ఏ మెకానిక్ ఏ చిట్కా వేశాడు అన్నీ ఆ ఉత్తరాల పేజీలోనే. చివరి పేజీల్లో కార్లు అమ్మబడును ప్రకటనలు చూస్తే ఆ ఏడాది ఏ బండి ఎంత పలికిందో తెలిసిపోతుంది. అవి తీసేశాక మిగిలేది వ్యాసాల కట్ట, దాన్ని పత్రిక ఆర్కైవ్ అని అమ్మడమే నా గొడవ.

చేతకాక అలా ఉందనుకోవద్దు, చేసినవాళ్లు ఉన్నారు. అమెరికా పత్రికలు పాపులర్ సైన్స్, పాపులర్ మెకానిక్స్ పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో యాడ్లతో సహా అట్ట నుంచి అట్ట దాకా ఉన్నాయి, ఊరికే చూడొచ్చు. పాపులర్ సైన్స్ అయితే 1872 నుంచి. ఒకసారి తెరిచి అందులో పాత కార్ల యాడ్లు చూడండి, మనకి రావలసింది ఏంటో అర్థమవుతుంది.

కొన్ని ఫొటోల చోట బూడిద రంగు డబ్బా ఉందన్నారు కదా, దాన్ని మాత్రం నేను స్కాన్ చేసినవాళ్ల మీద వేయను. బయటి ఫొటోగ్రాఫర్లు, ఫ్రీలాన్సు రాతగాళ్లు ఆ రోజుల్లో ఒక్క సంచిక కోసం ఇచ్చినవి అవి. 2001లో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ టైమ్స్ కేసులో, ఫ్రీలాన్సర్ల వ్యాసాలు వాళ్లని అడగకుండా డేటాబేసుల్లో పెట్టడం కుదరదని తేల్చింది, అప్పట్నుంచి పబ్లిషర్లకి ఆ భయం ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షను కూడా, పత్రిక ఉద్యోగి రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికలో వేసుకునే మేరకే యజమానికి హక్కు, మిగతా హక్కులు రాసినవాడివే అంటుంది. కాబట్టి డబ్బా పెట్టారంటే అర్థం చేసుకోవచ్చు. కాకపోతే ఆ సంగతి అమ్మే ముందు చెప్పాలి. నడి పేజీ బొమ్మ కోతపడటానికి, యాడ్లు పోవడానికి ఏ చట్టమూ కారణం కాదు.

మరి కాగితమే దాచుకుంటే పోలా అంటారు. నేనూ అదే అనేవాణ్ణి, 2020 అక్టోబరు దాకా. మూసారాంబాగ్‌లో మాది గ్రౌండ్ ఫ్లోరు. ఆ వానల్లో ఇంట్లోకి నీళ్లొచ్చి, మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్న పత్రికలు రెండు రోజులు నానాయి. మామూలు న్యూస్‌ప్రింట్ అయితే ఎండలో ఆరబెడితే వంకరగా అయినా విడిపోతుంది. గ్లాసీ ఆర్ట్ పేపర్ అలా కాదు, దాని మీద సన్నటి బంకమట్టి పూత ఉంటుంది, తడిసి ఆరితే ఆ పూతే జిగురైపోతుంది. నేను తెలివిగా డాబా మీద ఎండలో పరిచాను. సాయంత్రానికి ఒక్కో సంచిక ఒక్కో ఇటుక. విడదీద్దామని చాకు పెడితే కారు బొమ్మ సగం ఈ పేజీకి, సగం ఆ పేజీకి వచ్చేసింది. అలాంటప్పుడు ఆరనివ్వకూడదట, తడిగా ఉండగానే పాలిథిన్ కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత నిదానంగా పేజీ పేజీకీ మధ్య మైనపు కాగితం పెట్టుకుంటూ విడదీయాలట. ప్రెస్సులో అన్నేళ్లు చేసిన నాకు ఆ రోజు గుర్తుకు రాలేదు. అందుకే డిజిటల్ ఆర్కైవ్ దండగ అని నేను అనను. ఇటుకైపోయిన ఆ సంచికల కోసమే కదా 4,500 నేనూ కట్టింది.

డబ్బుల సంగతి. అమ్మే పేజీలో వాళ్లేం రాశారో ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి, రేపు మార్చేస్తారు. పూర్తి సంచికలు అనో, ప్రతి పేజీ అనో ఉంటే మీ చేతిలో పట్టు ఉన్నట్టే. ఒక పది సంచికలు తీసుకుని, ఏ సంచికలో ఏ పేజీ నంబర్లు లేవో కాగితం మీద రాసి, సేవ్ చేసిన పేజీ వెడల్పు పిక్సెళ్లు కూడా వేసి మెయిల్ పెట్టండి. బాగోలేదు, మోసం అని రాస్తే రెడీమేడ్ జవాబు వస్తుంది, ఫలానా నెల 24, 25 పేజీలు లేవు అని రాస్తే ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. నాకు మూడు మెయిళ్ల తర్వాత సగం ఇచ్చారు, అది కూడా చందా పొడిగింపుగా! పనికిరానిది ఇంకో ఆరు నెలలు ఫ్రీ అన్నమాట. మీరు ఒప్పుకోకండి. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. 4,500 కోసం అంత దూరం వెళ్లాలా అంటే మీ ఇష్టం, చాలాసార్లు 1915 నంబరు మెయిల్‌లో రాస్తేనే కదలిక వస్తుంది.

ఇంకో జాగ్రత్త, ఉన్న ఏడాదిలో మీ బండికి సంబంధించిన పేజీలన్నీ నోట్ చేసుకోండి, చందా అయిపోయాక ఏమీ కనిపించదు. నేను చాన్నాళ్ల క్రితం ఒక విదేశీ పత్రిక డీవీడీల సెట్టు కొన్నాను, డిస్కులు ఇప్పటికీ మెరుస్తున్నాయి, కానీ పేజీలు తిప్పే వ్యూయర్ అడోబీ వాళ్ల ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ఆగిపోయింది. ఇప్పుడు అవి మా బాల్కనీలో పావురాలని బెదరగొట్టడానికి వేలాడుతున్నాయి. బాగానే పనిచేస్తున్నాయి.

కాగితం సంచికలు కావాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి రండి. కార్ల పత్రికలు విడిగా పెట్టరు, సినిమా పత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాల కింద ఉంటాయి, మూటలు విప్పేటప్పుడే ఉండాలి. ఫలానా 1986 సంచిక కావాలి అని అడిగితే రేటు అక్కడే మూడింతలు, ఊరికే చూస్తున్నట్టు చూడండి. దొరికినదాన్ని మీరే స్కాన్ చేసుకోండి, కోయకండి. గ్లాసు మీద పేజీ బోర్లించే మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ చాలు, అక్షరాలకి అంగుళానికి 300, వైరింగ్ గీతల బొమ్మలకి 600 పెట్టండి. పేజీ వెనక నల్ల చార్టు కాగితం పెడితే అవతలి వైపు అచ్చు ఇవతలికి కనిపించదు, ఈ ఒక్క చిట్కా తెలియకే చాలామంది స్కాన్లు దెయ్యం బొమ్మల్లా ఉంటాయి.

చివరగా మీ బండి గురించి. మీరు ఆ రోడ్ టెస్ట్ కోసమే ఇంత వెతుకుతున్నారు గానీ, మెకానికల్ పనికి అది పెద్దగా ఉపయోగపడదు. 118ఎన్ఈ బాడీ ఫియట్ 124ది, ఇంజను నిస్సాన్ ఏ12, 1171 సీసీ. అదే ఇంజను నిస్సాన్ వాళ్ల డాట్సన్ 1200 కారులో ప్రపంచమంతా తిరిగింది, దాని వర్క్‌షాప్ మాన్యువల్స్ మన పత్రికల కంటే వంద రెట్లు తేలిగ్గా, స్పష్టంగా దొరుకుతాయి. ఇంజను పని ఆ మాన్యువల్ చూసి చేయించండి, కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ మాత్రం మనవాళ్లు ఇక్కడ ఏది బిగించారో మీ బండి మీద నంబరు చదివాకే సామాను తీసుకోండి. రాణిగంజ్‌లో పాత షాపుల్లో పెద్దవాళ్లకి ఫోన్‌లో ఫొటో చూపిస్తే తల అడ్డంగా ఊపుతారు, పాత పార్టు చేతిలో పెడితే లోపలికి వెళ్లి తెస్తారు. రంగు పేరు కోసమైతే యాడ్ కావాల్సిందే. 1986, 87 సంచికలు నా దగ్గర ఇటుకలు కాకుండా నాలుగు మిగిలాయి, ఈ ఆదివారం అటక మీంచి దింపి చూస్తాను, ఉంటే నల్ల చార్టు పెట్టి తీసి ఇక్కడే పెడతాను.